పీపాలో ప్రాణం

మూత తీస్తే మూడు రోజుల్లో అయిపోవాలి. మరీ చల్లబరచకూడదు. గ్యాస్ ఎక్కించకూడదు. కదిపితే కలక బారుతుంది. గాలి ఎక్కువ తగిలితే పులిసిపోతుంది. ఇన్ని పేచీలున్న సరుకును ఏ పెద్ద కంపెనీ మాత్రం ఇష్టపడుతుంది? అందుకే ఇంగ్లండ్ సంప్రదాయ బీరు 'ఏల్' యాభై ఏళ్ల కిందట కనుమరుగైపోబోయింది. తాగేవాళ్లే రోడ్డెక్కి కాపాడుకున్నారు. దానికి ఇప్పుడు మళ్లీ గడ్డుకాలం వచ్చింది.

బీరు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఒకటే రూపం. లేత పసుపు రంగు, పైన తెల్లటి నురగ, గ్లాసు చుట్టూ చల్లటి నీటిచుక్కలు. దాని అసలు పేరు లాగర్. పుట్టిల్లు జర్మనీ, చెక్ ప్రాంతాలు. ప్రపంచంలో అమ్ముడవుతున్న బీరులో చాలావరకు ఇదే.

ఇంగ్లండ్‌లో పాతకాలపు పబ్‌లోకి వెళ్లి ఒక పైంటు 'బిట్టర్' అడిగితే వచ్చేది మాత్రం వేరు. కౌంటర్ మీద బారెడు చెక్క పిడి ఉంటుంది. పబ్ మనిషి దాన్ని పట్టుకుని, మన ఊళ్లో బోరింగు కొట్టినట్టు, రెండుమూడుసార్లు బలంగా లాగుతాడు. కింద నేలమాళిగలో ఉన్న పీపాలోంచి బీరు పైకొస్తుంది. రంగు రాగిచెంబులా ఉంటుంది. బుడగలు తక్కువ. చల్లదనమా... పన్నెండు డిగ్రీలకు అటూఇటూ. కుండలో నీళ్లంత చల్లన. విదేశీయులు దీన్ని 'వేడి బీరు' అని వెక్కిరిస్తారు. ఇంగ్లిష్‌వాళ్లు పట్టించుకోరు. మంచుముక్కలా చల్లబరిస్తే నాలుక మొద్దుబారుతుంది, ఇక రుచి ఏం తెలుస్తుందన్నది వాళ్ల వాదన. కాదనడానికి లేదు.

అసలు తేడా రంగులోనో చల్లదనంలోనో లేదు. లాగర్‌ను ఫ్యాక్టరీలోనే వడకట్టి, చాలావరకు వేడిచేసి, అందులోని ఈస్ట్‌ను తీసేసి పంపుతారు. పీపా ఏల్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది. బ్రూవరీ గేటు దాటాక కూడా పులుస్తూనే ఉంటుంది. పొద్దున దింపిన తాటికల్లుకు, సాయంత్రం అదే కుండలో కల్లుకు ఎంత తేడానో మనకు తెలిసిందే. ఏల్ అంత తొందరపాటుది కాదుగానీ, స్వభావం మాత్రం అదే.

మొలకల దగ్గర మొదలు

ఏల్ తయారీలో తొలి అంకం ఇంట్లో రాగిమాల్ట్ చేసేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. రాగుల్ని నానబెట్టి, మూటకట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు కదా. అక్కడ బార్లీతో అదే పని. నానిన గింజల్ని పొడవాటి గదుల్లో గచ్చు మీద పరుస్తారు. చెక్కపారలతో రోజూ తిరగేస్తారు. తిరగేయకపోతే సన్నటి వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుని మొత్తం చాపలా అల్లుకుపోతుంది. నాలుగైదు రోజులయ్యాక, మొలక గింజను తినేయకముందే బట్టీలో వేడిగాలి తగిలించి ఆపేస్తారు. అదే మాల్ట్. ఇప్పుడు ఈ పని దాదాపు అంతటా యంత్రాలదే. విల్ట్‌షైర్‌లోని వార్మిన్‌స్టర్‌లో మాత్రం 1855లో కట్టిన మాల్ట్ శాలలో ఇంకా నేలమీదే ఆరబోస్తున్నారు. బార్లీలోనూ వాళ్లకు ఇష్టాలున్నాయి. కేంబ్రిడ్జ్‌లో 1960ల్లో రూపొందించిన 'మారిస్ ఆటర్' అనే వంగడం మనకు సోనామసూరి ఎలాగో ఏల్ తయారీదార్లకు అలాగ. దిగుబడి తక్కువైనా దాన్నే అడుగుతారు.

బట్టీలో ఎంత వేగితే బీరుకు అంత రంగు. ఒకప్పుడు కట్టెల మంట మీద ఆరబెట్టేవాళ్లు కాబట్టి బీరు గోధుమరంగులో, పొగవాసనతో ఉండేది. 17వ శతాబ్దంలో కోక్ బొగ్గు వాడకం మొదలయ్యాకే లేతరంగు మాల్ట్, దాంతోపాటు 'పేల్ ఏల్' వచ్చాయి. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీగింజలు వేయించే డబ్బాలాంటి దాన్ని మాల్ట్ కోసం తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. బొగ్గులా నల్లటి మాల్ట్ అందులోంచే వచ్చింది. ఇవాళ్టి నల్లటి స్టౌట్ బీర్ల రంగు దాని పుణ్యమే.

మాల్ట్‌ను బరకగా ఆడించి వేడినీళ్లలో కలుపుతారు. ఆ నీళ్లను బ్రూవరీలో నీళ్లు అనరు, 'లిక్కర్' అంటారు! నీళ్లంటే అక్కడ గచ్చు కడుక్కునేవే. వేడి 65 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. రెండు డిగ్రీలు ఎక్కువైతే బీరు చిక్కగా, తీపిగా వస్తుంది. తక్కువైతే పలచగా తేలిపోతుంది. గంటా గంటన్నరలో గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. అప్పుడు కింద కుళాయి తిప్పి, పైనుంచి మళ్లీ వేడినీళ్లు చిలకరిస్తూ, ఫిల్టర్ కాఫీకి డికాక్షన్ దించినట్టు తీపి రసాన్ని దించుతారు. దాని పేరు వోర్ట్. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోతుంది.

ఈ రసాన్ని పెద్ద కాగుల్లో గంటకుపైగా మరిగిస్తారు. అప్పుడే హాప్స్ వేస్తారు. ఇవి ఒక తీగమొక్క పూలు. ఆడమొక్క పూలే పనికొస్తాయి. మాల్ట్ తీపికి విరుగుడుగా చేదునిస్తాయి, సువాసననిస్తాయి, చెడిపోకుండా కాపాడతాయి. నిజానికి హాప్స్ ఇంగ్లండ్ సొంతం కాదు. 15వ శతాబ్దంలో సముద్రం అవతలి ఫ్లాండర్స్ నుంచి వచ్చాయి. అప్పట్లో హాప్స్ లేనిది ఏల్, హాప్స్ వేసింది బీరు. రెండూ వేర్వేరు పానీయాలు. ఏల్ కాచేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇంటి అవసరానికి కాచి, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్లు. హాప్స్ వచ్చి నిల్వ పెరిగాక అది పెద్ద వ్యాపారమైంది. పెట్టుబడి ఉన్న మగవాళ్ల చేతికి పోయింది. వంటింట్లో పుట్టిన చాలా పనులకు పట్టిన గతే దీనికీ పట్టింది.

కెంట్ ప్రాంతం హాప్స్ తోటలకు పేరు. గోల్డింగ్, ఫగుల్ అనే రకాలు ఇంగ్లిష్ ఏల్‌కు ప్రాణం. మన దగ్గర మిరపకాయల కోతలకు కూలీలు కుటుంబాలతో తరలివెళ్లినట్టు, లండన్ తూర్పుపేటల పేదలు ఏటా ఆగస్టు చివర్లో పిల్లాజెల్లాతో కెంట్ వెళ్లి హాప్స్ కోసేవాళ్లు. వాళ్లకు ఏడాదిలో అదొక్కటే విహారం! రెండో ప్రపంచయుద్ధం తర్వాత యంత్రాలొచ్చి ఆ వలసలు ఆగిపోయాయి.

తోడు పెట్టడం

మరిగిన రసం చల్లారాక ఈస్ట్ కలుపుతారు. కొత్తది కొని తెచ్చి కాదు. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడైనట్టు, కిందటి బీరు మీద తేలిన ఈస్ట్‌ను దాచి దీనికి వేస్తారు. ఒకే జాతి ఈస్ట్‌ను దశాబ్దాలుగా నిలుపుకుంటూ వస్తున్న బ్రూవరీలు ఉన్నాయి. ఎప్పుడైనా చెడిపోతే ఎలా? అందుకని నార్విచ్‌లోని జాతీయ ఈస్ట్ భాండాగారంలో కాస్త దాచిపెడతారు. ఏల్ ఈస్ట్ గది వెచ్చదనంలో, ఉపరితలం మీద పనిచేస్తుంది. మూతలేని తొట్టెల్లో దోసెలపిండి పొంగినట్టు నురగ మూరెడు పైకి లేస్తుంది. లాగర్ ఈస్ట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చలిలో, నెమ్మదిగా, అడుగున పనిచేస్తుంది.

వారంలోపే పులవడం చాలావరకు అయిపోతుంది. తర్వాత పీపాల్లోకి పడుతుంది. మామూలు పీపా పేరు ఫర్కిన్. తొమ్మిది గ్యాలన్లు, అంటే 41 లీటర్లకు కాస్త తక్కువ. లెక్కప్రకారం 72 పైంట్లు. బీరు తేటబడటానికి ఒక పదార్థం కలుపుతారు. మనం బురదనీళ్లలో పటిక తిప్పినట్టన్నమాట. తమాషా ఏమిటంటే ఆ పదార్థాన్ని ఎండబెట్టిన చేపల గాలితిత్తుల నుంచి తీస్తారు. సంగతి తెలిశాక శాకాహారులు గగ్గోలుపెట్టడంతో కొన్ని బ్రూవరీలు అది లేకుండా మసకగానే అమ్ముతున్నాయి.

ఇక్కడితో బ్రూవరీ పని అయిపోతుంది. సగం పని ఇంకా పబ్ వాళ్లమీదే ఉంటుంది. పీపాను నేలమాళిగలో పడుకోబెట్టి, కదలకుండా చీలలు బిగించి, పైన చిన్న రంధ్రం పొడిచి అందులో మెత్తటి చెక్కముక్క పెడతారు. లోపల పుట్టే గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది. సరిపడా పోయిందనిపించాక గట్టి చెక్కముక్క బిగిస్తారు. ఎప్పుడు బిగించాలన్నది అనుభవమే చెప్పాలి. ఒకరోజు ముందు తీస్తే పచ్చిగా ఉంటుంది. ఆలస్యమైతే చప్పబడుతుంది. అమ్మకం మొదలుపెట్టాక లోపలికి గాలి పోతుంది కాబట్టి మూడు రోజులే గడువు. బ్రూవరీ ఎంత గొప్పగా కాచినా పబ్ నేలమాళిగలో మనిషి బద్ధకస్తుడైతే గ్లాసులోకి వచ్చేది పులిసిన నీళ్లే.

మూటలు మోసేవాళ్ల బీరు

ఏల్‌లో రకాల పేర్లు వింటే ఒక పట్టాన అర్థం కావు. 'మైల్డ్' అంటే ఇప్పుడు తేలికపాటిదని అనుకుంటారు. ఒకప్పుడు దానర్థం తాజాది, ఇంకా ముదరనిది అని. 3 శాతం ఆల్కహాల్ దాటీదాటని ఆ బీరు గనుల్లో, ఫ్యాక్టరీల్లో చెమటోడ్చినవాళ్లకు ఇష్టమైన తాగుడు. గనులు మూతపడ్డాయి, దాని ఊపూ తగ్గింది. 'బిట్టర్' తయారుచేసినవాళ్లు పెట్టిన పేరు కాదు. వాళ్లు పేల్ ఏల్ అన్నారు. తాగేవాళ్లు చేదుగా ఉందని బిట్టర్ అన్నారు. ఆ పేరే నిలిచింది.

'పోర్టర్' కథ పెద్దది. 18వ శతాబ్దపు లండన్‌లో ఓడల సరుకు దింపేవాళ్లు, వీధుల్లో మూటలు మోసేవాళ్లు వేల సంఖ్యలో ఉండేవాళ్లు. ఆ హమాలీలు మెచ్చిన ముదురు గోధుమరంగు బీరుకు వాళ్ల పేరే వచ్చింది. దాన్ని నెలల తరబడి ముదరబెట్టాలి కాబట్టి బ్రూవరీలు ఇళ్లంత కొయ్య తొట్లు కట్టించాయి. ఎవరి తొట్టి పెద్దదన్న పోటీ కూడా నడిచింది. దాని ఫలితం 1814 అక్టోబరు 17న తెలిసింది. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర మ్యూ కంపెనీ బ్రూవరీలో 22 అడుగుల ఎత్తు తొట్టికి బిగించిన ఇనప పట్టీ ఊడిపోయింది. మామూలేలే అనుకున్నారు. గంటలో తొట్టి పగిలింది. ఆ ధాటికి వెనక గోడ కూలి, బీరు ఉప్పెనలా పక్కనున్న పేదల బస్తీ మీద పడింది. ఎనిమిదిమంది చనిపోయారు. అందరూ ఆడవాళ్లూ పిల్లలే. వాళ్లలో సగానికి పైగా, చనిపోయిన రెండేళ్ల పసివాడి శవజాగరణకు ఒక నేలమాళిగలో చేరినవాళ్లు. అది ప్రమాదమేనని విచారణలో తేల్చేశారు. ఒలికిపోయిన బీరు మీద కట్టిన పన్ను మాత్రం బ్రూవరీకి తిరిగొచ్చింది! జనం దోసిళ్లతో బీరు తాగారని తర్వాత పుట్టిన కథలకు నాటి పత్రికల్లో ఆధారం దొరకదు.

మద్రాసుకు ఆర్నెల్ల ప్రయాణం

ఏల్ రకాల్లో మన దేశం పేరు మోస్తున్నది ఒకటుంది. ఇండియా పేల్ ఏల్. ముద్దుగా ఐపీఏ. ఇప్పుడు హైదరాబాద్ మైక్రోబ్రూవరీల మెనూల్లోనూ కనిపిస్తుంది. దీని గురించి అందరూ చెప్పే కథ ఒకటే. ఇండియాకు పంపిన బీరు దారిలో పాడైపోతోందని, హాడ్జ్‌సన్ అనే తెలివైన వ్యాపారి హాప్స్ రెట్టింపు వేసి, మత్తు పెంచి కొత్త బీరు కనిపెట్టాడని. కథ బాగానే ఉంది. కాకపోతే బీరు చరిత్రకారుడు మార్టిన్ కార్నెల్ పాత పత్రికలు, ప్రకటనలు తిరగేసి దీన్ని తోసిపుచ్చారు.

జరిగింది ఇంకా మామూలు సంగతి. హాడ్జ్‌సన్ బ్రూవరీ లండన్‌లో బో అనే చోట ఉంది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు దానికి కూతవేటు దూరం. ఓడల కెప్టెన్లకు సొంతంగా కొంత సరుకు తీసుకెళ్లి అమ్ముకునే వీలుండేది. దగ్గర్లో దొరికేది, పైగా ఏడాదికి పైబడి అరువిచ్చేది హాడ్జ్‌సన్. ఇంకేం, అతని బీరే ఓడలెక్కింది. కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో కంపెనీ అధికార్లు దానికి అలవాటుపడ్డారు. ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. పీపాలు ఊగుతూ, వేడెక్కుతూ వచ్చేసరికి బీరు పాడవలేదు సరికదా, ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి దాచినంతగా పక్వానికొచ్చింది. ఇదెవరూ అనుకుని చేసింది కాదు. పేల్ ఏల్ దొరల తాగుడు. సిపాయిలతో పాటు వచ్చిన తెల్ల సైనికులకు కంపెనీ తెప్పించింది ఎక్కువగా పోర్టరే. అదీ ఇదే దారిలో భేషుగ్గా చేరేది. దీన్నిబట్టి ప్రయాణానికి తట్టుకునే ప్రత్యేక బీరు కనిపెట్టాల్సిన అవసరమే లేదని తేలిపోతుంది.

1820ల్లో హాడ్జ్‌సన్ వారసులకు దురాశ పుట్టింది. ధర పెంచారు, అరువు ఆపేశారు, ఓడలు తామే నడుపుతామన్నారు. కంపెనీ డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్జొరీబ్యాంక్స్ బర్టన్ పట్టణంలోని శామ్యూల్ ఆల్సప్‌ను పిలిచి, ఇలాంటి బీరు చేయగలవా అని అడిగాడు. రష్యా సుంకాలు పెంచడంతో ఎగుమతులు ఆగిపోయి దిగులుగా ఉన్న ఆల్సప్‌కు అది దేవుడిచ్చిన వరం. అతని మనిషి జాబ్ గుడ్‌హెడ్ తొలి నమూనాను టీ కాచే కుండలో తయారుచేశాడని బర్టన్‌లో చెప్పుకుంటారు.

బర్టన్ నీటి మహిమ

మొగల్తూరు నీళ్లకు ఒక రుచి, మరో ఊరి నీళ్లకు ఒక రుచి అంటాం కదా. బర్టన్ ఆన్ ట్రెంట్ అదృష్టమంతా దాని బావుల్లోనే ఉంది. భూమిలోని జిప్సం కరిగిన ఆ నీళ్లతో కాస్తే పేల్ ఏల్ తేటగా, చురుగ్గా, లండన్ బీరుకన్నా లేతరంగులో వచ్చింది. హాప్స్ చేదు కొట్టొచ్చినట్టు తేలింది. ఇప్పటికీ ప్రపంచంలో ఎవరైనా పేల్ ఏల్ కాచాలంటే నీళ్లలో జిప్సం కలుపుతారు. ఆ పనికి 'బర్టనైజ్ చేయడం' అనే పేరు. 1839లో రైలు రావడంతో బర్టన్ దశ తిరిగింది. 1870లు వచ్చేసరికి అక్కడి బాస్ కంపెనీ ప్రపంచంలోనే అతిపెద్ద బ్రూవరీ. 1876 జనవరి 1న బ్రిటన్‌లో రిజిస్టరైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు దాని ఎర్ర త్రికోణమే. 1882లో మానే గీసిన పారిస్ మదుశాల చిత్రంలో కూడా ఆ త్రికోణం ఉన్న సీసాలు కనిపిస్తాయి. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ కట్టినప్పుడు కింది అంతస్తులో స్తంభాల మధ్య దూరాన్ని బర్టన్ పీపాల కొలతతో నిర్ణయించారు. ఇప్పుడు యూరోస్టార్ రైలెక్కేందుకు క్యూ కట్టేవాళ్లు నిలబడేది ఆ పీపాల గోదాములోనే.

బర్టన్ ప్రత్యేకత ఇంకోటుంది. పులుస్తున్న బీరును వరసగా పేర్చిన పెద్ద ఓక్ పీపాల్లో నింపుతారు. పొంగిన నురగ హంసమెడలాంటి గొట్టాల్లోంచి పైనున్న తొట్టిలోకి ఎగదన్నుతుంది. ఈస్ట్ అక్కడ నిలిచిపోతుంది. బీరు మళ్లీ కిందికి జారి పీపాల్లో చేరుతుంది. పీపాలన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి దీన్ని 'బర్టన్ యూనియన్' అన్నారు. 1838లో పేటెంటైన పద్ధతి ఇది. ఖర్చెక్కువ, చాకిరీ ఎక్కువ. బాస్ 1980ల్లో వదిలేసింది. బర్టన్‌లో చివరికంటా పట్టుకుని ఉన్నది మార్స్‌టన్స్ కంపెనీ.

నలుగురు కుర్రాళ్లు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊరికో బ్రూవరీ ఉన్న రోజులు పోయాయి. ఒకదాన్నొకటి మింగి, 1970 నాటికి ఆరు పెద్ద కంపెనీలు మిగిలాయి. పబ్‌లు కూడా చాలావరకు వాళ్లవే. వాళ్లకు పీపాలూ, చెక్కముక్కలూ, మూడు రోజుల గడువూ తలనొప్పి. వడకట్టి, వేడిచేసి, లోహపు డబ్బాలో గ్యాస్ కొట్టి పంపే 'కెగ్' బీరును ముందుకు తోశారు. అందులో వాట్నీస్ వారి రెడ్ బ్యారెల్ మీద వచ్చినన్ని జోకులు ఇంకే బీరు మీదా రాలేదు. ఎవరు పట్టినా ఒకే రుచి, ఎన్నాళ్లున్నా చెడదు. తాగేవాళ్లకు నచ్చిందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

1971లో మైఖేల్ హార్డ్‌మన్, గ్రాహం లీస్, బిల్ మెల్లర్, జిమ్ మేకిన్ అనే నలుగురు యువకులు సెలవులకు ఐర్లండ్ వెళ్లారు. కెర్రీ తీరంలో ఓ మారుమూల బార్లో కూర్చుని, బీరు గతి ఇలా అయిపోయిందేమిట్రా అని తిట్టుకుంటూ ఒక సంఘం పెట్టేశారు. అదే 'కామ్రా'. రెండేళ్ల తర్వాత దాని పేరు 'కాంపెయిన్ ఫర్ రియల్ ఏల్' అని మార్చారు. సరదాకి మొదలైంది ఉద్యమమైంది. స్టాఫర్డ్‌షైర్‌లో ఒక పాత బ్రూవరీని మూసేస్తున్నారని 1973లో ఊరేగింపు తీశారు. మంచి ఏల్ దొరికే పబ్‌ల పట్టికతో 1974లో పుస్తకం వేశారు. వాట్నీస్ బీరును ప్లేగును తప్పించుకున్నట్టు తప్పించుకోండని అందులో రాస్తే, ప్రెస్సువాళ్లు భయపడి ఆ మాట మార్పించారు! 1975లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో బీరు పండగ పెడితే జనం పోటెత్తారు. పెద్ద కంపెనీలు దిగొచ్చి మళ్లీ చేతిపంపులు బిగించాయి. ఆ తర్వాత కొత్తగా చిన్న బ్రూవరీలు పుట్టాయి. 1978లో రింగ్‌వుడ్‌లో పీటర్ ఆస్టిన్ పెట్టిన బ్రూవరీ చూసి ఎంతోమంది దిగారు. 2002లో చిన్న బ్రూవరీలకు పన్ను తగ్గించాక ఆ సంఖ్య వందలు దాటింది. వినియోగదార్ల సంఘం ఒకటి బడా కంపెనీల చేత వెనకడుగు వేయించిన సందర్భాలు చరిత్రలో తక్కువే. ఆ లెక్కన ఇది బీరు తాగనివాళ్లు కూడా తెలుసుకోదగ్గ కథ.

ఆఖరి యూనియన్

గెలిచారు, సరే. కానీ పీపాకు మూడు రోజుల గడువు మాత్రం మారలేదు. పబ్‌కు వచ్చేవాళ్లు తగ్గితే ముందు దెబ్బతినేది ఏల్. రోజుకు పాతిక పైంట్లన్నా అమ్ముడవకపోతే మిగిలింది పారబోయాలి. పారబోయడం ఇష్టంలేక నాలుగోరోజు కూడా అమ్మితే, తాగినవాడు మళ్లీ ఏల్ అడగడు. అడిగేవాళ్లు తగ్గేకొద్దీ గ్లాసులో బీరు ఇంకా పాతబడుతుంది. కరోనాకాలంలో పబ్‌లు మూతపడినప్పుడు లాగర్ సీసాల్లో, డబ్బాల్లో ఇళ్లకు చేరింది. పీపా ఏల్‌కు పబ్ తప్ప మరో దారి లేదు. తర్వాత కరెంటు బిల్లులు, జీతాలు, పన్నులు పెరిగాయి. కుర్రకారు తాగడమే తగ్గించారు. అది సమాజానికి మంచిదే అయినా, నేలమాళిగలో పీపాకు కాదు.

దెబ్బ మీద దెబ్బ పడింది. బర్టన్‌లో బాస్ మ్యూజియంగా మొదలైన జాతీయ బ్రూవరీ కేంద్రాన్ని 2022లో మూసేశారు. పీటర్ ఆస్టిన్ పెట్టిన రింగ్‌వుడ్ బ్రూవరీ 2024 జనవరిలో ఆగిపోయింది. అదే నెలలో, అప్పటికి కార్ల్స్‌బర్గ్‌తో కలిసిపోయిన మార్స్‌టన్స్ మరో కబురు చెప్పింది. ఏల్ అమ్మకాలు పడిపోయాయి కాబట్టి బర్టన్ యూనియన్ పీపాలను ఇక వాడబోమని. 180 ఏళ్లకు పైబడిన పద్ధతి పుట్టిన ఊళ్లోనే ఆగిపోయింది.

ఓక్ పీపాలు పూలకుండీలవుతాయేమోనని అందరూ అనుకుంటుండగా అమెరికా నుంచి ఒకాయన కలగజేసుకున్నాడు. బ్రూక్లిన్ బ్రూవరీ బ్రూమాస్టర్ గారెట్ ఆలివర్. ఇంగ్లిష్ ఏల్ తాగే ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి. కార్ల్స్‌బర్గ్‌తో మాట్లాడి, ఒక యూనియన్ వరసనైనా బతికించమన్నాడు. తీసుకోవడానికి డెర్బీషైర్‌లోని బేక్‌వెల్ పట్టణంలో థార్న్‌బ్రిడ్జ్ అనే బ్రూవరీ ముందుకొచ్చింది. పీపాలు, గొట్టాలు, తొట్టి అన్నీ ఊడదీసి అక్కడికి చేర్చి, మళ్లీ బిగించి, 2024లోనే వాటిలో బీరు పులవబెట్టడం మొదలుపెట్టారు.

2005లో మొదలైన ఆ బ్రూవరీకి పేరు తెచ్చిపెట్టింది ఒక ఇండియా పేల్ ఏల్. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'జైపూర్'.